అత్తగారు, నేను, ఒక లేని పిట్ట

ఫిబ్రవరి 2, ఆదివారం

మొగుడు వదిలేసి వెళ్తే అత్తగారి పోరు కూడా దానంతటదే తీరిపోతుందని అందరూ అనుకుంటారు. నా విషయంలో అలా జరగలేదు. మహానుభావుడు వెళ్ళిపోయాడు, వాళ్ళమ్మగారు మిగిలిపోయారు. అతను సూట్‌కేసు సర్దుకున్న వారం ఆవిడ కాలికి కట్టుతో మంచం మీద ఉన్నారు. కట్టు విప్పాక వెళ్తారనుకున్నాను. కట్టు విప్పారు, చేతికర్ర కూడా మూలన పడేశారు, ఈలోగా మాకు విడాకులు కూడా వచ్చేశాయి. ఆవిడ వెళ్తానని అనలేదు, నేను వెళ్ళమని అనలేదు. ఉండమని కూడా అనలేదు. అలా ఇద్దరం ఒకే పొయ్యి మీద రెండు రకాల టీలు కాచుకుంటూ బతికేస్తున్నాం. ఆవిడ టీ పానకం, నాది కషాయం.

ఇవాళ మహానుభావుడి ఫోను.

"అమ్మకి గది తయారైంది. వచ్చే నెల వచ్చి తీసుకెళ్తాను. నీకూ ఇబ్బందిగా ఉంటుంది కదా."

"శుభ్రంగా తీసుకెళ్ళు," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పీడా పోయింది. ఇది సంతోషంతోనే రాసుకుంటున్నాను.

ఆవిడ కూడా కొడుకుతో మాట్లాడారు. "సరే, చూద్దాం," అని పెట్టేశారు. భోజనానికి కూర్చున్నాక, "అమ్మాయ్, నాకు కారు నేర్పుతావా?" అన్నారు.

నేను పొట్టపోసుకునేది దాంతోనే. స్కూలు నాదే, అందులో ఉన్నది ఒక కారు, ఒక టీచరు. ఆ టీచర్నీ నేనే. కానీ ఆవిడ వయసు డెబ్బైకి దగ్గరపడింది.

"ఇప్పుడు కారెందుకు అత్తయ్యా?"

"ఊరికే."

ఊరికే ఎవరూ క్లచ్చు తొక్కరు. కొత్త కోడలి ముందు గొప్పకి అయ్యుంటుంది. నాకేం పోయింది, నేర్పి పంపిస్తాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

మా వీధి చివర దాకా వెళ్ళి వచ్చాం. ఆవిడకి స్టీరింగు బాగానే కుదిరింది. గేరు కూడా నా విద్యార్థుల్లో చాలామంది కంటే నయం. ఒక్కటే చిక్కు. ఎదురుగా బండి వస్తే కళ్ళు మూసుకుంటారు.

"కళ్ళు తెరవండి అత్తయ్యా."

"అది వెళ్ళిపోయాక తెరుస్తాను."

నా వైపు కూడా ఒక బ్రేకు ఉండబట్టి ఇది రాసుకునే యోగం మిగిలింది.

ఫిబ్రవరి 5, బుధవారం

పాలవాడి సైకిలు. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నా బుర్రకి నేనే దండం పెట్టుకోవాలి. ఎదురుగా ఒక్క బండి కూడా రాని రోడ్డు ఈ చుట్టుపక్కల ఎక్కడుందా అని వారమంతా ఆలోచిస్తే తట్టింది: పక్షుల చిత్తడి. నీటి మడుగుల మధ్య గట్టు మీద ఒకటే రోడ్డు, చుట్టూ తిరిగి బయటపడుతుంది. గేటు దగ్గర బోర్డు ఉంది. ఒకవైపే వెళ్ళాలి. మెల్లగా వెళ్ళాలి. హారన్ కొట్టకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, కారు దిగకూడదు. పక్షులు కారుని చూసి భయపడవట, మనిషిని చూస్తేనే లేచిపోతాయట. నాకు పక్షులంటే మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

ఆ రూళ్ళన్నీ చదువుతుంటే ఎవరో మా అత్తగారి కోసమే రోడ్డు వేయించినట్టనిపించింది. అయితే డ్రైవింగ్ నేర్పే కార్లు లోపలికి రాకూడదని చివర్లో చిన్న అక్షరాలతో రాసి ఉంది. దాని సంగతి ముందే తెలుసు కాబట్టి కప్పు మీది స్కూలు బోర్డు ఊడదీసి డిక్కీలో పడేశాను. మహానుభావుడు వదిలేసి వెళ్ళిన పాత బైనాక్యులర్స్ ఆవిడ మెడలో వేశాను. అతను పక్షుల పిచ్చితోనే క్లబ్బులో చేరాడు, అక్కడే ఆ కొత్త కోడలు దొరికింది. ఆవిడకి మూడుకాళ్ళ పెద్ద దుర్భిణి ఉందని మొదట్లో తెగ మెచ్చుకునేవాడు. పేరుతో పిలిచేంత చనువు నాకు లేదు కాబట్టి నేను ఆవిడని దుర్భిణి అంటాను. ఇద్దరూ ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నారు, కార్లో వెళ్తే మూడు గంటల ప్రయాణం.

గేటు దగ్గర పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏం చూడ్డానికి వచ్చారమ్మా?"

"పిట్టల్ని," అన్నారు అత్తగారు, వదిలితే కొట్టుకుపోతానన్నట్టు స్టీరింగు పట్టుకుని.

లోపల స్వర్గం. ఆవిడ రెండు కళ్ళూ తెరిచి నడిపారు. ఇరుపక్కలా కొంగలు, బాతులు, ఇంకా ఏవేవో. నేను ఒక్కటీ చూడలేదు, నా కళ్ళు ఆవిడ కాళ్ళ మీదే ఉన్నాయి. కసురుకోవడం కూడా గుసగుసగానే చెయ్యాల్సి వచ్చింది. గుసగుసగా తిడితే తిట్టులో పస ఉండదు. ఈ కొత్త విషయం ఇవాళే తెలుసుకున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

సెకండ్ గేరులో బండి కదిలించాడని పళ్ళ డాక్టరు మీద అరిచాను. పాపం, డబ్బిచ్చి నేర్చుకుంటున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. అసలు అత్త మీద నాకు కోపమెందుకో మాత్రం అర్థం కాలేదు. పొద్దున్న ఆవిడ తన గదిలో బట్టలు మడతపెట్టి ఒక దొంతరగా పేర్చుకున్నారు, అంతే కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఒక అబద్ధం పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మడుగు మలుపు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే అత్తగారు క్లచ్చు వదిలేశారు, ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశారు, మళ్ళీ ఆగింది. వెనక ఒక కారు వచ్చి నిలబడింది. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన, కిటికీ అంచు మీద కెమెరా ఆన్చుకుని. హారన్ కొట్టకూడదు కదా, పాపం ఎంతసేపో ఓపిక పట్టాడు. తర్వాత కిటికీలోంచి సగం బయటికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం కనపడిందండీ, అంతసేపు ఆపారు?"

ఇంజను ఆగిందని చెప్తే నేర్చుకునే బండి అని తెలిసిపోతుంది. నేను కక్కలేక మింగలేక కూర్చున్నాను. అత్తగారు తడుముకోలేదు.

"ఒక పిట్టండి. నీలం ఒళ్ళు, తెల్ల మూతి, మెడకి నల్ల పట్టీ. ఇప్పుడే ఆ రెల్లులోకి దూరింది."

ఆయన మొహం వెలిగిపోయింది. "తోక ఎలా ఉంది?"

"తోక లేదు," అన్నారు ఆవిడ ఎంతో నమ్మకంగా.

ఆయన గబగబా రెల్లు వైపు కెమెరా తిప్పడం నాకు అద్దంలో కనపడింది. మూడోసారి ఇంజను అందుకుంది, బయటపడ్డాం.

"ఎక్కడ చూశారు అత్తయ్యా ఆ పిట్టని?"

ఆవిడ గడ్డంతో చూపించారు. ముందు అద్దం కింద నా నీళ్ళ ఫ్లాస్కు. నీలం ఒళ్ళు, తెల్ల మూత, మెడకి నల్ల పట్టీ. ఇల్లు చేరేదాకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు, "రోడ్డు చూడు, నేను నడుపుతున్నాను," అన్నారు.

ఇంట్లో ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో. పోనీలే, వచ్చే నెల నుంచి ప్రశాంతంగా ఉంటుంది.

ఫిబ్రవరి 20, గురువారం

పళ్ళ డాక్టరు బండి నడుపుతూ చెప్పాడు: చిత్తడిలో తోక లేని నీలం పిట్ట ఒకటి దిగిందట, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారట, పుస్తకాల్లో ఎక్కడా లేదట. "మీరు చూశారా మేడమ్?" అన్నాడు. ఇండికేటర్ వేయమన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈ వారం వెళ్ళొద్దు అత్తయ్యా అన్నాను. పరీక్ష దగ్గరపడుతోంది, వెళ్దాం అన్నారు. పరీక్ష కోసం ఇంత తొందరేమిటో. కొడుకింటికి అంత ఆత్రంగా ఉంటే ఇవాళే ఆటో పిలుస్తాను.

పిలవలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ చాలా జరిగింది. వరసగా రాస్తాను.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి పెళ్ళికి వచ్చినట్టు కార్లు. అందరి మెడల్లో బైనాక్యులర్స్, అందరి మొహాల్లో భక్తి. ఒక ఫ్లాస్కు కోసం ఇంతమంది. వెనక్కి తిరుగుదామన్నాను. లోపలికి ముందు చక్రాలు పెట్టేశాం, ఒకవైపు రోడ్డు, తిరగడానికి లేదు.

సగం దూరం వెళ్ళాక అత్తగారు నెమ్మదిగా అన్నారు.

"వెనకున్నది వాడి కారు కాదూ?"

అద్దంలో చూశాను. మహానుభావుడే. పక్కన దుర్భిణి. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్ళమంటే, లేని పిట్ట ఒకటి ఊరంతా ఎగురుతోందని తెలిసి కూడా దాని వెనక ఎవరెవరు పరిగెత్తుకొస్తారో ఆలోచించలేదు. మా పెళ్ళి చూపులకి ఆలస్యంగా వచ్చిన మనిషి, పిట్ట అనేసరికి తెల్లారకుండానే బయల్దేరి ఉంటాడు.

"కంగారు పడకండి, నడపండి," అన్నాను. కంగారంతా నాదే.

"నాకేం కంగారు? తీరిగ్గా వెళ్దాం," అన్నారు ఆవిడ. నిజంగానే తీరిగ్గా నడిపారు. నత్తలు మమ్మల్ని దాటిపోయేంత తీరిగ్గా. అతను లైట్లు వెలిగించి ఆర్పాడు. హారన్ కొట్టడానికి లేదు, పక్కనుంచి దాటడానికి చోటు లేదు, అటూ ఇటూ నీళ్ళు. అతని వెనక ఇరవై కార్లు. నాతో కాపురం చేసినన్నాళ్ళూ అతనికి లేని ఓపికని వాళ్ళమ్మ ఒక్క గంటలో నేర్పించే పనిలో ఉన్నారు.

అంతలో అతను మా కారుని గుర్తుపట్టాడు. తర్వాత, నడుపుతున్నదెవరో కూడా. తలుపు తీసుకుని దిగాడు. దిగి తలుపు దభాలున వేశాడు.

మడుగు మొత్తం లేచింది. ఎన్ని వేల రెక్కలో, ఆకాశం కాసేపు కనపడలేదు. కార్లన్నిటి కిటికీల్లోంచి తలలు బయటికొచ్చి అతని వైపు చూశాయి. నోరు విప్పి తిట్టకూడదు కాబట్టి పళ్ళు కొరుక్కుంటూ చూశాయి. టోపీ ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

మహానుభావుడు ఇవేమీ పట్టించుకోకుండా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏంటిది? నువ్వు డ్రైవింగా?"

"మెల్లగా మాట్లాడు నాన్నా. బోర్డు చూళ్ళేదా?"

"ఈ వయసులో ఏమైనా అయితే?" నా వైపు వంగాడు. "నీకైనా ఉండక్కర్లేదా?"

ఏం ఉండాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

"అమ్మా, వచ్చే నెల దాకా ఎందుకు, ఇవాళే వచ్చెయ్. బట్టలు తర్వాత తెప్పిస్తాను. నువ్వింకా తనింట్లో ఉండటమేంటి? ఇప్పుడు తను నీకేమవుతుంది?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు కూడా కావాలి. పోయిన ఏడాది నుంచీ కావాలి. అడిగితే ఏమొస్తుందోనని భయపడి ఎప్పుడూ అడగలేదు. నేను నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను, ఎగిరిపోయిన చోట ఒక్క పిట్ట కూడా లేదు.

"టీచరు," అన్నారు అత్తగారు. "కారు దిగకూడదని తెలిసిన టీచరు."

అతను వెనక ఆగిన కార్ల వరసని ఒకసారి చూశాడు. తర్వాత, "సరే, వచ్చే ఆదివారం నేనొచ్చి తీసుకెళ్తాను," అన్నాడు.

"నువ్వు తీసుకెళ్తే మళ్ళీ తీసుకొచ్చేది కూడా నువ్వే. నీకు తీరికున్నప్పుడు. లైసెన్సు రానీ, నేనే వస్తాను."

ఈలోగా వెనక కారులోంచి దుర్భిణి తల బయటపెట్టి గొంతు తగ్గించి అడిగింది. "అత్తయ్యగారూ, ఆ పిట్ట నిజంగా ఉందా?"

అత్తగారు ఫ్లాస్కు తీసి కిటికీలోంచి పైకెత్తి చూపించారు. దుర్భిణి దాని వంక కాసేపు చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. ఆవిడ నవ్వు బాగుంటుందని నాకు ఇవాళ తెలిసింది. తెలియకపోతేనే బాగుండేది.

బయట గేటు దగ్గర పెద్దాయన, కారు దిగినందుకు మహానుభావుణ్ణి ఈ సీజనంతా లోపలికి రానివ్వనన్నాడు. మా దగ్గరికొచ్చి, "మీరు నేర్చుకోవడానికొచ్చారని మొదటి రోజే తెలుసమ్మా. కొంగ కనపడితే ఎవరైనా కొంగని చూస్తారు, మీరు గేరు చూసుకుంటున్నారు," అన్నాడు. ఇక రావొద్దని కూడా అన్నాడు, కానీ మర్యాదగా.

ఇంటికొచ్చేదాకా నా చెవిలో ఒకటే మాట. "నేనే వస్తాను" అన్నారు ఆవిడ. వాళ్ళబ్బాయితో, నా ముందే, తన నోటితోనే. మంచిదే కదా. టీచరుగా నాకు గర్వంగా ఉండాలి.

ఫిబ్రవరి 26, బుధవారం

ఊళ్ళో నడిపాం. ఎదురుగా లారీ వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఎలా తగ్గిందని అడిగితే, "కొడుకు మొహాన్ని అంత దగ్గరగా చూశాక లారీ ఎంత?" అన్నారు.

మార్చి 1, శనివారం

పరీక్షలో తప్పితే ఇంకో నెల పడుతుంది. ఎదురెత్తు మీద బండి కదిలించడం ఇంకా సరిగ్గా రాలేదు. అది నేర్పాలి. ఇవాళ తలనొప్పిగా ఉందని నేర్పలేదు.

తలనొప్పి లేదు.

మార్చి 3, సోమవారం

ఎదురెత్తు నేర్పాను. రెండోసారికే వచ్చేసింది. నా విద్యార్థుల్లో ఇంత తొందరగా నేర్చుకున్నవాళ్ళు లేరు, ఇలాంటివాళ్ళు స్కూలుకి మంచి పేరు తెస్తారు.

మార్చి 6, గురువారం

పాసయ్యారు. పరీక్ష పెట్టినాయన దిగి, "అమ్మగారికి మీరు బాగా నేర్పారు," అన్నాడు. నేను బాత్రూముకి వెళ్ళొస్తానని చెప్పి అక్కడే ఉండిపోయాను కాసేపు. బయటికొచ్చేసరికి అత్తగారు డ్రైవరు సీట్లో కూర్చుని, తాళం చెవి కోసం చెయ్యి చాపారు.

"ఆదివారం కారు నాకు కావాలి," అన్నారు.

"తీసుకెళ్ళండి. ఆదివారం నాకు క్లాసుల్లేవు," అన్నాను. రెండున్నాయి.

మార్చి 9, ఆదివారం, పొద్దున్న

వెళ్ళారు. బట్టల బ్యాగు వెనక సీట్లో పెట్టుకున్నారు. దారి చెప్పబోతే, "తెలుసులే," అన్నారు. టైర్లలో గాలి చూశానని చెప్పాను. ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు ఒక నిమిషం ఇంజను ఆన్‌లో పెట్టుకుని కూర్చున్నారు. ఏం చెప్పాలో నాకు తోచక, అద్దం కొంచెం పైకి తిప్పుకోమన్నాను. తిప్పుకున్నారు. వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం

ఇల్లంతా నాదే. కిటికీలన్నీ తెరిచాను. రేడియో పెద్దగా పెట్టాను. టీ కాచుకుని, ఆవిడ లేరు కాబట్టి సోఫా మీద కాళ్ళు చాపుకుని తాగాను. హాయిగా ఉంది.

ఆవిడ గది ఊడ్చాను. ఊడవడానికి అందులో ఏమీ లేదు. దిండు మీద తల పెట్టుకున్న గుంట అలాగే ఉంది, దాన్ని దులపలేదు.

మూడింటికి

ఇంకో టీ పెట్టుకున్నాను. పొరపాటున పానకంలా చక్కెర పోశాను. పారబోయకుండా తాగేశాను.

సరే, రాసుకుంటాను, ఇది నేను తప్ప ఎవరూ చదవరు కదా. హాయిగా లేదు. ఆవిడ వెళ్ళడం నాకిష్టం లేదు. మొదటి నుంచీ ఇష్టం లేదు. మొగుడు వెళ్ళినప్పుడు కోపమొచ్చింది, అవమానమైంది, కానీ ఇంట్లో ఎవరో తగ్గినట్టు అనిపించలేదు. ఇవాళ అనిపిస్తోంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? కాదంటారేమోనని. ఒకసారి కాదనిపించుకున్నదాన్ని, రెండోసారి వాళ్ళమ్మ చేత కూడా అనిపించుకోలేకపోయాను. రోజంతా పక్కవాళ్ళకి ధైర్యం చెప్పి పొట్టపోసుకునే మనిషిని, నాకు ఎదురుగా బండి వస్తే కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రం

వచ్చారు.

కారు చప్పుడు విని బయటికెళ్ళాను. పరిగెత్తలేదు, మామూలుగానే వెళ్ళాను. ఒక చెప్పు వేసుకోవడం మర్చిపోయాను. ఆవిడ కారుని గోడకి ఆన్చకుండా నిలబెట్టి, ఇంజను ఆపి, దిగారు. బ్యాగు మాత్రం వెనక సీట్లోనే ఉంది.

"ఎలా ఉందండి ఇల్లు?"

"బాగుంది. గది పెద్దది. మంచం మెత్తగా ఉంది. వాళ్ళిద్దరూ ఉండమని అడిగారు. ఆ పిల్ల కూడా మంచిగానే అడిగింది."

"మీరేమన్నారు?"

"ఇంకెవరైనా అడుగుతారేమో చూసుకుని చెప్తానన్నాను."

నేను కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడా గీత పడలేదని చూసుకున్నాను. ఆవిడ కదలకుండా నిలబడి ఉన్నారు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అన్నారు. "నేను అత్తగార్ని."

"మరి మీరెందుకు అడగలేదు, ఇక్కడుంటానని?"

"ఒకరింట్లో ఉంటానని నేనెలా అడుగుతాను? కట్టు విప్పిన రోజు నుంచీ చూస్తున్నాను, ఏమైనా అంటావేమోనని. కూర బాగుందా అంటావు, మందు వేసుకున్నారా అంటావు. ఆ ఒక్కటీ అనవు. కారైనా నేర్చుకుంటే రోజూ పక్కన కూర్చుంటావు కదా, ఎప్పుడో నోరు జారకపోతావా అనుకున్నాను. గేరు మార్చమన్నావు, అద్దం చూడమన్నావు. ఇవాళ పొద్దున్న కూడా ఇంజను ఆన్‌లో పెట్టుకుని చూశాను. అద్దం పైకి తిప్పుకోమన్నావు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఉండండి అత్తయ్యా," అన్నాను.

ఆవిడ ఏమీ మాట్లాడలేదు. అటువైపు ఎటో చూస్తున్నారు. వినపడలేదేమో అనుకుని దగ్గరికెళ్ళి మళ్ళీ అన్నాను. "ఇక్కడే ఉండండి. నాతో."

"మొదటిసారే వినపడింది," అన్నారు, వెనక తలుపు తీసి బ్యాగు నా చేతికిస్తూ. "రెండోసారి కూడా అంటావేమోనని ఊరుకున్నాను."